వడగట్టిన నీటిలో జింక్, వడగట్టని నీటిలో కంటే ఎక్కువగా వస్తోంది: తప్పు ఎక్కడ ఉండవచ్చు?

ప్రశ్న

నమస్కారం. ఒక నది నీటిలో లేశమాత్రంగా ఉండే లోహాలను కొలిచే పనిలో కొన్ని నెలలుగా ఉన్నాను. ఆరు చోట్ల నీటిని సేకరించి, ఒక్కో చోట రెండేసి సీసాలు నింపుతున్నాను. మొదటి సీసాలో నీటిని ఉన్నదున్నట్టుగా పోసి ఆమ్లం కలుపుతాను. ఇది మొత్తం లోహం కోసం. రెండవ సీసాలోకి సిరంజి సాయంతో 0.45 మైక్రోమీటర్ల ఫిల్టర్ గుండా వడగట్టిన నీటిని పంపి, ఆ తరువాత ఆమ్లం కలుపుతాను. ఇది కరిగి ఉన్న లోహం కోసం. రెండింటినీ నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే దిగువకు తెచ్చి, అయాన్లను వాటి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ పరికరంపై కొలుస్తున్నాం.

సీసం, రాగి అంకెలు నమ్మదగినట్టే కనిపిస్తున్నాయి. ఉదాహరణకు మూడవ చోట సీసం మొత్తం లీటరుకు 1.9 మైక్రోగ్రాములు ఉండగా, కరిగినది 0.2, రాగి మొత్తం 2.6, కరిగినది 1.7. చిక్కంతా జింక్‌తోనే వచ్చింది. అదే చోట మొత్తం జింక్ 13 మైక్రోగ్రాములు ఉంటే, కరిగిన జింక్ 21 వచ్చింది. ఆరింటిలో నాలుగు చోట్ల ఇదే వరస. మూడేసి సార్లు తిరిగి కొలిచినా అంకె కదలలేదు. ప్రయోగశాల బ్లాంక్‌లో, అంటే నమూనాకు బదులు శుద్ధజలం పెట్టి చేసిన కొలతలో, జింక్ 0.4 మాత్రమే ఉంది కాబట్టి ఆమ్లమూ సీసాలూ శుభ్రంగానే ఉన్నాయని అనుకుంటున్నాను. కొలతలో ఆమాత్రం తేడా సహజమేనని మా బృందంలో ఒకరు అంటున్నారు గాని, భాగం మొత్తాన్ని మించిపోవడాన్ని సహజమని ఎలా రాసుకోవాలో నాకు అర్థం కావడం లేదు.

మరొక సందేహం కూడా ఉంది. ఇదే పర్యటనలో పాదరసం కోసం, ఫ్లోరిన్ ఉండే పీఫాస్ సమ్మేళనాల కోసం కూడా నీరు తేవాలని అనుకుంటున్నాం. ఆమ్లంతో కడిగి పెట్టుకున్న ఈ సీసాలనే వాటికీ వాడవచ్చా?

మొదటి సమాధానం

పరికరాన్ని కాసేపు పక్కన పెట్టి, మీరు వాడే సిరంజిని ఒకసారి విప్పి చూడండి. లోపలికి తోసే కాడ చివర నల్లని రబ్బరు బిరడా ఉంటే, మీ జింక్‌లో ఎక్కువ భాగం నదిది కాకపోవచ్చు. రబ్బరును గట్టిపరిచే వల్కనీకరణలో జింక్ ఆక్సైడ్‌ను కలుపుతారు. ఆ రబ్బరును నీరు తాకిన ప్రతిసారీ కొంత జింక్ నీటిలోకి దిగుతుంది. సిరంజిని నింపి, సీసా మూత తీసి, ఫిల్టర్ బిగించే ఆ ఒకటి రెండు నిమిషాలే అందుకు చాలు. వడగట్టని నీరు సిరంజి లోపలికే వెళ్లదు కాబట్టి ఆ సీసాకు ఈ బెడద లేదు. మీ అంకెల్లో కరిగినది మొత్తాన్ని మించడానికి ఇంతకంటే సూటి కారణం నాకు తోచడం లేదు.

మీ ప్రయోగశాల బ్లాంక్ దీన్ని ఎందుకు పట్టుకోలేదో కూడా చూడండి. శుద్ధజలాన్ని తిన్నగా సీసాలో పోసి, ఆమ్లం కలిపి కొలిచి ఉంటారు. ఆ నీరు సిరంజిని చూడలేదు, ఫిల్టర్‌ను చూడలేదు, నది ఒడ్డున గాలిని పీల్చలేదు. నమూనా ఏ దారిన నడిచిందో అదే దారిన, అదే క్రమంలో, అంతే సేపు నడిచిన శుద్ధజలమే అసలైన బ్లాంక్. వచ్చే పర్యటనలో 18.2 మెగోమ్ శుద్ధజలాన్ని ఒడ్డుకు తీసుకువెళ్లి, నది నీటిని వడగట్టిన తీరులోనే దాన్నీ వడగట్టండి. ఒకటి చాలదు, కనీసం మూడు చేయండి. అంతకు ముందే ప్రయోగశాలలో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు: మీ సిరంజిలో శుద్ధజలం నింపి రెండు నిమిషాలు ఉంచి కొలవండి, రబ్బరు లేని, రెండే ముక్కలుగా వచ్చే పూర్తి ప్లాస్టిక్ సిరంజితో కూడా అలాగే చేసి పోల్చండి.

సిరంజి ఒక్కటే దోషి అని అనుకోవద్దు. పొడి చల్లిన గ్లోవ్స్ జింక్‌కు పేరుమోసిన మూలం. పొడి లేనివే వాడాలి. రంగు వేసిన పిపెట్ కొనలు, ముఖ్యంగా పసుపు రంగువి, కాడ్మియంను వదిలిన సందర్భాలు ఉన్నాయి. కొత్త ఫిల్టర్‌ను మొదట కొంత నది నీటితోనే కడిగి, ఆ నీటిని పారబోసిన తరువాతే సీసా నింపాలి.

నీరు పట్టే పద్ధతి విషయంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) 1996లో వెలువరించిన 1669 పద్ధతిని ఒకసారి చదవండి. అందులో ఇద్దరు మనుషులు ఉంటారు. ఒకరివి ‘శుభ్రమైన చేతులు’, మరొకరివి ‘మురికి చేతులు’. సీసా ఒకదానిలో ఒకటిగా రెండు సంచుల్లో ఉంటుంది. మురికి చేతులవారు బయటి సంచిని మాత్రమే తెరుస్తారు. శుభ్రమైన చేతులవారు లోపలి సంచిని తెరిచి సీసాను తీసుకొని, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, సీసాను నీటిలో ముంచి, మూతను నీటి లోపలే తిప్పి, నిండిన తరువాత లోపలే బిగిస్తారు. పడవ అంచునూ తాడునూ బ్యాటరీనీ ముట్టుకొనే పని ఏదైనా మురికి చేతులదే. మొదటిసారి చూసినవారికి ఇది మడి కట్టుకొన్నట్టుగా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, నా సొంత బ్లాంక్‌లు చూసుకొనేదాకా.

రెండవ సమాధానం

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. అయినా పరికరాన్ని ఊరికే వదిలివేయకుండా, దాన్ని ఏ తర్కంతో నిర్దోషి అని తేల్చవచ్చో చెప్పడం మేలు.

జింక్‌ను సాధారణంగా 66 ద్రవ్యరాశి దగ్గర కొలుస్తాం. నీటిలో సల్ఫేట్ ఎక్కువగా ఉంటే గంధకం, ఆక్సిజన్ కలిసి ఏర్పడే అయాన్లు 64, 66 దగ్గర కొంత దొంగ సంకేతాన్ని ఇవ్వగలవు. బేరియం రెండు ఆవేశాలు పొందితే దాని ద్రవ్యరాశి సగమైనట్టు పరికరం చూస్తుంది. అలా బేరియం-136 వచ్చి 68 దగ్గర కూర్చుంటుంది. కాబట్టి 66, 68 రెండింటిలోనూ జింక్‌ను లెక్కకట్టి పోల్చండి. రెండూ ఒకే గాఢతను చూపితే అడ్డంకి లేదని ధైర్యంగా చెప్పవచ్చు. నిజానికి మీ విషయంలో ఈ పరీక్ష కూడా అవసరం ఉండకపోవచ్చు. ఒకే నది నీటిలోని సల్ఫేట్, బేరియం రెండు సీసాల్లోనూ దాదాపు సమానంగానే ఉంటాయి. దొంగ సంకేతం ఉంటే రెండింటినీ ఒకేలా పెంచాలి గాని, వడగట్టినదాన్ని మాత్రమే ఎందుకు పెంచుతుంది?

ఆర్సెనిక్‌ను కూడా కొలుస్తున్నట్లయితే అక్కడ ఇంత సుఖం ఉండదు. ఆర్సెనిక్‌కు 75 అనే ఒక్కటే స్థిరమైన ఐసోటోపు ఉంది; ఆర్గాన్-40, క్లోరిన్-35 కలిస్తే వచ్చేదీ సరిగ్గా 75. పోల్చి చూసుకోవడానికి మరో ఐసోటోపు లేదు. అందుకే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని దగ్గరకు రానివ్వకుండా, ఇలా జతకట్టిన అయాన్లను హీలియం వాయువుతో వడపోసే హీలియం మోడ్‌లో కొలుస్తాం. ఇనుము-56కు ఆర్గాన్ ఆక్సైడ్ తెచ్చే చిక్కు కూడా ఇటువంటిదే.

ధ్రువీకృత ప్రమాణ నమూనాల గురించి, అంటే లోహాల విలువలు ముందే నిర్ధారించిన నీళ్ల గురించి, ఒక మాట. నది నీటికి కెనడా జాతీయ పరిశోధన మండలి తయారుచేసే ఎస్‌ఎల్‌ఆర్‌ఎస్ వరుస ఉంది. తీరజలాలకు సీఏఎస్‌ఎస్, బహిరంగ సముద్రానికి ఎన్‌ఏఎస్‌ఎస్ ఉన్నాయి. ప్రతి కొలత దఫాలోనూ వీటిలో ఒకటి ఉండాలి. అయితే ఆ నమూనా సీసాలోనే వచ్చింది, మీతో నది ఒడ్డుకు రాలేదు. దాని విలువ సరిగ్గా వచ్చిందంటే ఆమ్లం కలిపిన సీసా నుంచి అంకె దాకా అంతా సవ్యంగా ఉందని మాత్రమే అర్థం. సిరంజి తప్పును అది ఎన్నటికీ పట్టుకోలేదు. మూడుసార్లు కొలిచినా అంకె కదలలేదన్నారు. సీసాలో ఉన్న జింక్‌ను పరికరం మూడుసార్లూ నిజాయితీగా చెప్పింది, అంతే.

మూడవ సమాధానం

ఇది కొత్త కథ కాదు. భూమి వయసు దాదాపు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించిన క్లెయిర్ పాటర్సన్, ఆ పనిలో రాళ్లలోని సీసాన్ని కొలవబోతే, ప్రయోగశాల గాలి నుంచీ ఆమ్లాల నుంచీ గాజు నుంచీ వచ్చి చేరే సీసమే అసలు సీసాన్ని మింగివేస్తున్నట్టు గమనించారు. అక్కడి నుంచి శుభ్రమైన ప్రయోగశాలను కట్టుకొని, తరువాత సముద్రపు నీటి వైపు మళ్లారు. ఆయన చూపినదేమిటంటే, అప్పటిదాకా అచ్చయిన సముద్రపు సీసం అంకెల్లో చాలావరకు వాటిని కొలిచినవారి చేతుల నుంచీ ఓడల నుంచీ వచ్చినవే. నదుల వంతు 1991లో వచ్చింది. అమెరికా నదులపై జాతీయ పర్యవేక్షణ వ్యవస్థ ఏళ్ల తరబడి పోగుచేసిన కరిగిన లోహాల విలువల పక్కన, శుభ్రమైన పద్ధతుల్లో సేకరించిన విలువలను పెట్టి చూస్తే పాతవి ఎంతో ఎక్కువగా ఉన్నాయని, వాటితో కాలక్రమంలోని మార్పులను అంచనా వేయలేమని ఆ ఏడాది ప్రచురితమైన పరిశీలన తేల్చింది. ఆ పట్టికలో జింక్ కూడా ఉంది.

ఆ చరిత్ర నుంచి మీకు పనికివచ్చే ఉపాయం ఒకటుంది. 1970ల మధ్యలో నమూనాలు శుభ్రపడగానే, అంతకు ముందు గజిబిజిగా కనిపించిన కాడ్మియం, సముద్రంలో లోతుతోపాటు ఫాస్ఫేట్ ఎలా మారుతుందో అచ్చంగా అలాగే మారుతున్నట్టు బయటపడింది. నిజమైన గాఢతకు ఒక నడక ఉంటుంది; కలుషితానికి నడక ఉండదు. మీ ఆరు చోట్లను ప్రవాహ క్రమంలో పేర్చి, కరిగిన రాగినీ జింక్‌నూ ఒకే పటంపై గీయండి. రాగి నెమ్మదిగా ఏదో ఒక వైపు వంగుతూ, జింక్ మాత్రం రంపపు పళ్లలా లేస్తూ పడుతూ ఉంటే, బ్లాంక్ ఫలితం రాకముందే సగం జవాబు దొరికినట్టే.

ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. ఇక్కడ అందరూ ‘కరిగిన’ అనే మాటను తడుముకోకుండా వాడుతున్నారు. 0.45 మైక్రోమీటర్లు అనేది ప్రకృతి గీసిన గీత కాదు, మనం పెట్టుకొన్న ఒప్పందం. అంతకంటే సన్నని కొల్లాయిడ్ కణాలు ఎన్నో ఆ రంధ్రాల గుండా దూరిపోతాయి. ఇనుము, అల్యూమినియం వాటిపైనే సవారీ చేస్తాయి. పైగా వడగడుతున్నకొద్దీ ఫిల్టర్ రంధ్రాలు బురదతో పూడిపోయి, పేరుకు 0.45 ఉన్నా పనికి అంతకంటే చాలా సన్నగా మారుతాయి. బురద నీటిని ఒకే ఫిల్టర్ గుండా పంపి, మొదటి 50 మిల్లీలీటర్లను ఒక సీసాలోకీ చివరి 50 మిల్లీలీటర్లను మరొక సీసాలోకీ పట్టి ఇనుము కొలిస్తే, చివరి సీసాలో స్పష్టంగా తక్కువ వస్తుంది. నది అదే, నిమిషం అదే, అంకెలు మాత్రం రెండు. కాబట్టి ఎంత నీటిని వడగట్టారో, ఏ ఫిల్టర్‌తో వడగట్టారో ప్రతిసారీ రాసిపెట్టండి. బిగుసుకొన్న ఫిల్టర్‌ను బలవంతంగా నొక్కకుండా మార్చివేయండి.

నేలలోపలి నీటిని కూడా చేపట్టే ఆలోచన ఉంటే వడగట్టడాన్ని ప్రయోగశాలకు వాయిదా వేయకండి. ఆక్సిజన్ లేని లోతు నుంచి వచ్చిన నీరు పట్టిన క్షణంలో అద్దంలా తేటగా ఉంటుంది. కాసేపటికి సీసాలో లేత గోధుమరంగు ముసురుతుంది, తరువాత అడుగున తుప్పు పేరుకొంటుంది. గాలి తగిలి ఇనుము అవక్షేపమైనప్పుడు తనతోపాటు ఆర్సెనిక్‌ను కూడా లాక్కొనిపోతుంది. ఆ తరువాత వడగడితే ఆర్సెనిక్ ఫిల్టర్‌పై మిగిలిపోయి, నీరు సురక్షితమన్నట్టు అంకె వస్తుంది. తాగునీటిలో ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఈ పొరపాటు ఒక బావిని ఆ గీతకు అటునుంచి ఇటు తేగలదు. జింక్‌లో మీకు జరిగినది లేనిదాన్ని చూపడం, ఇక్కడ జరిగేది ఉన్నదాన్ని దాచడం. నా దృష్టిలో ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే తక్కువ అంకె వచ్చినప్పుడు ఎవరూ మీలా ప్రశ్న అడగరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సిరంజిని విప్పాను, నల్లని రబ్బరు బిరడా ఉంది. నది ఒడ్డున అవే సిరంజిలతో మూడు బ్లాంక్‌లు చేస్తే జింక్ 6, 9, 14 మైక్రోగ్రాములు వచ్చింది. పూర్తి ప్లాస్టిక్ సిరంజితో 0.2, 0.3, 0.3 వచ్చాయి. పాత సిరంజితోనే సీసం బ్లాంక్ 0.02కు మించలేదు, రాగి 0.1 దగ్గర ఉంది. 66, 68 రెండింటిలోనూ జింక్ ఒకేలా ఉంది. పటం కూడా గీశాను. రంపపు పళ్లన్న మాట అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు మిగిలిన ప్రశ్న పాత అంకెల గురించి. బ్లాంక్‌ల సగటు 9.7 కదా, 21లో నుంచి దాన్ని తీసివేస్తే 11.3 వస్తుంది. మొత్తం జింక్ 13 కాబట్టి ఈ 11.3 చక్కగా అమరుతోంది. పాత ఫలితాలన్నింటినీ ఇలా సవరించుకోవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

చక్కగా అమరడమే ఇక్కడి ప్రమాదం. తీసివేయడానికి ముందు ఆ మూడు బ్లాంక్‌ల మధ్య తేడాను చూడండి. 6, 9, 14ల ప్రామాణిక విచలనం దాదాపు 4. గుర్తింపు హద్దును బ్లాంక్ విచలనానికి మూడు రెట్లుగా తీసుకొంటే 12 అవుతుంది. మీకు మిగిలిన 11.3 ఆ హద్దుకే చేరలేదు. అంటే ఈ పద్ధతిలో ఆ నీటిలో కరిగిన జింక్ ఉందని కూడా మీరు చెప్పలేరు, ఎంత ఉందన్నది తరువాతి మాట. మూడు కొలతలపై కట్టిన విచలనం బలహీనమైనదని కూడా గుర్తుంచుకోండి. కనీసం ఏడు కొలతలు ఉంటే గాని ఈ హద్దును లెక్కించవద్దని ఈపీఏ పద్ధతులు చెబుతాయి.

ఇంకో చిక్కు ఉంది. రబ్బరు నుంచి శుద్ధజలం లాగే జింక్, నది నీరు లాగే జింక్ ఒకే మోతాదులో ఉంటాయని అనుకోవడానికి ఆధారం లేదు. నది నీటిలో లోహాన్ని పట్టుకొనే కర్బన పదార్థాలు ఉంటాయి, పీహెచ్ వేరుగా ఉంటుంది, బురద వల్ల వడగట్టడానికి పట్టే సమయం కూడా ఎక్కువ. కాబట్టి తీసివేసే అంకె మీ దగ్గర లేదు. పాత పట్టికలో కరిగిన జింక్ గడిని ‘కలుషితం, వాడరాదు’ అని గుర్తుపెట్టి వదిలివేయండి. మొత్తం జింక్‌ను ఉంచుకోవచ్చు. సీసం, రాగి కరిగిన విలువలను కూడా ఉంచుకోవచ్చు, వాటి బ్లాంక్‌లను పట్టికలో పక్కనే చూపిస్తూ. గుర్తింపు హద్దుకు తక్కువైన విలువలు ఎక్కడైనా ఉంటే వాటి స్థానంలో సున్నాను గాని సగం హద్దును గాని వేయకుండా, ‘ఫలానా హద్దుకంటే తక్కువ’ అనే రాయండి. సగటు కావలసి వస్తే అటువంటి దత్తాంశం కోసం ఉన్న గణాంక పద్ధతులు వేరే ఉన్నాయి.

నాలుగవ సమాధానం

మీ రెండవ సందేహం ఇంకా అలాగే ఉండిపోయింది. జవాబు: వాడకూడదు. ఒక్కో కాలుష్యకారకానికి ఒక్కో సీసా, ఒక్కోసారి పరస్పరం విరుద్ధమైన సీసా.

పాదరసం ఆవిరి మామూలు పాలిథీన్ గోడల గుండా లోపలికీ బయటికీ నడవగలదు. దానికి టెఫ్లాన్ వంటి ఫ్లోరోపాలిమర్ సీసాలు గాని బోరోసిలికేట్ గాజు సీసాలు గాని కావాలి. నిలవ ఉంచడానికి నైట్రిక్ ఆమ్లం బదులు బ్రోమిన్ మోనోక్లోరైడ్‌ను కలపడం మేలు. గాఢత లీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది కనుక, పళ్లలో పాదరసపు మిశ్రమలోహం నింపించుకొన్నవారు తెరిచిన సీసాపై ఊపిరి వదలకూడదని 1669 పద్ధతి హెచ్చరిస్తుంది. ఇది అతిశయోక్తి కాదు.

పీఫాస్ దగ్గరకు వచ్చేసరికి ఇదంతా తలకిందులవుతుంది. పాదరసానికి శ్రేష్ఠమైన ఆ టెఫ్లానే ఇక్కడ నిషిద్ధం. అది ఫ్లోరిన్ సమ్మేళనమే కాబట్టి తయారీలో మిగిలిన పీఫాస్‌ను నీటిలోకి వదలవచ్చు. టెఫ్లాన్ పొర ఉన్న మూతలు, గొట్టాల అతుకులకు చుట్టే తెల్లని టేపు, నీరు అంటని పూత వేసిన వర్షపు కోటు కూడా దూరంగా ఉండాలి. అధిక సాంద్రత పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ సీసాలు వాడండి. పొడవైన గొలుసులున్న పీఫాస్ అణువులు సీసా గోడలకు అంటుకొంటాయి. అందుకే ఈపీఏ 1633 పద్ధతిలో సీసాలోని నీటిలో కొంత భాగాన్ని పోసుకొని కొలవరు. మొత్తం నీటినీ వాడి, ఖాళీ సీసాను ద్రావణితో కడిగి ఆ కడుగునీ కలుపుతారు. ఈ ఒక్క కారణం వల్లే ఒకే సీసాను లోహాలకూ పీఫాస్‌కూ పంచుకోవడం కుదరదు.

ఒడ్డున పట్టే క్రమం కూడా ముఖ్యమే. నేనైతే పీఫాస్ సీసాలను ముందు నింపి, వాటిని మూసి వేరే పెట్టెలో పెట్టిన తరువాతే పాదరసపు టెఫ్లాన్ సీసాలున్న సంచిని తెరుస్తాను. మధ్యలో గ్లోవ్స్ మారుస్తాను.

ప్రశ్న అడిగినవారు

పాత పట్టికలో కరిగిన జింక్ గళ్లన్నింటినీ కొట్టివేశాను. బాధగానే ఉంది గాని, 11.3 అనే అంకెను నివేదికలో పెట్టి ఉంటే దాన్ని ఎవరూ ప్రశ్నించి ఉండేవారు కాదని తలచుకొంటే ఇంకా ఇబ్బందిగా ఉంది. వచ్చే పర్యటనకు పూర్తి ప్లాస్టిక్ సిరంజిలు, రెండేసి సంచుల్లో సర్దిన సీసాలు, ఏడు బ్లాంక్‌లకు సరిపడే శుద్ధజలం, పీఫాస్ కోసం వేరే పెట్టె సిద్ధం చేసుకొన్నాం. మురికి చేతుల పాత్రకు, ఆ తేడా సహజమేనన్న మా బృంద సభ్యుడే ముందుకు వచ్చాడు.